బాణళ్ళ మీద దాడి

షామ్ షుయి పో పేటలోని ఒక సందులో నూడుల్స్ కొట్టు నడిపే సౌ-హింగ్, ఆ ఉదయం చేపల బజారుకు బయల్దేరుతూ మొగుడు క్వై-ఫాట్‌కు గట్టిగా చెప్పింది. "లైసెన్సుల ఆఫీసు నుంచి ఫోనొస్తుంది. కాలిబాట మీద బల్లలు వేసుకోవచ్చో లేదో చెప్తారు. అర్థం కాకపోతే మళ్ళీ అడుగు."

క్వై-ఫాట్‌కు మళ్ళీ అడగడమంటే నామోషీ. ఫోన్లో గుమాస్తా గంభీరంగా "వోక్-జొన్" అన్నాడు. అనుమతి లభించిందని దాని అర్థం. ఆఫీసుల్లో తప్ప ఎవరి నోటా వినపడని మాట. మామూలు మనిషికి "వోక్" అంటే వంట బాణలి. "బాణలి... ఈరోజు నుంచి..." అన్నంతవరకే అతనికి అందింది. మిగతాది తనే పూరించుకున్నాడు. బాణళ్ళు పట్టుకుపోవడానికి వస్తున్నారు.

తమ బాణలిని అటకెక్కించి, పక్కనే గంజి అమ్మే ఫూన్ అక్కను హెచ్చరించాడు. ఆమె ఎదురు కొట్టుకు చెప్పింది. సౌ-హింగ్ తిరిగొచ్చేసరికి సందులో ఒక్క పొయ్యీ వెలగడం లేదు. ఆకలిగొన్నవాళ్ళు తిట్టుకుంటూ లేచిపోతున్నారు.

"బాణళ్ళు పట్టుకుపోతారని ఎవడు చెప్పాడు నీకు?" మొగుణ్ణి నిలదీసింది.

"ఆఫీసువాళ్ళే. నా చెవులతో విన్నా."

"అది మా అమ్మ ఇచ్చిన బాణలి. దాన్ని ముట్టుకున్నవాడి వేళ్ళు వేయిస్తా. పదండి అందరూ."

సందు సందంతా ఆమె వెంట ఆఫీసు మీద పడింది.

"మా బాణళ్ళతో మీకేం పని?" సౌ-హింగ్ బల్ల గుద్దింది.

గుమాస్తా బిత్తరపోయాడు. "బాణళ్ళేంటండీ? మీకు వోక్-జొన్ అని చెప్పాను."

"అదిగో, మళ్ళీ బాణలే అంటున్నాడు," అన్నాడు క్వై-ఫాట్.

"అనుమతి వచ్చిందండీ. బల్లలు వేసుకోండి."

సౌ-హింగ్ కోపం చల్లారలేదు, గుమాస్తా మీదికి మళ్ళింది. "ఆ 'వేసుకోండి' అనే ముక్క పొద్దున్నే చెప్తే నీ నోరు అరిగిపోయేదా? మధ్యాహ్నం బేరమంతా పోయింది. మాకు అర్థమయ్యేలా మాట్లాడటం నేర్చుకో."

గుమాస్తా తప్పయిందన్నాడు. ఉత్తర్వు తీసి, అందరికీ వినపడేలా, వాడుక మాటల్లో చెప్పాడు. "మీరు అడిగినట్టే, మీ కొట్టు ముందూ, పక్కనున్న గంజి కొట్టు ముందూ మీరు బల్లలు వేసుకోవచ్చు."

ఫూన్ అక్క జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "ఎవరి కొట్టు ముందు?"

"అక్కా, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అంది సౌ-హింగ్.

"నా గుమ్మానికి అడ్డంగా బల్లలేస్తావా? అదీ నాకు తెలీకుండా? బాబూ, కుదరదని ఎక్కడ రాసివ్వాలి?"

గుమాస్తా కాగితం అందించాడు. గొడవ తేలేదాకా అనుమతి ఆగిపోతుందని ఎంతో తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పాడు.

ఫిర్యాదు రాయడానికి ఫూన్ అక్కకు కలం ఇచ్చింది క్వై-ఫాటే.