మూడు ఇసుక మూటలు

రంగూను పడిపోయిన ఏడాది, ఉగాది వెళ్లిన మరుసటి ఆదివారం, చింతామణి ఊళ్లో పట్టాభిరామ మేష్ట్రు చేయదలచుకున్న పని పెద్దదేమీ కాదు. పొద్దున చల్లని వేళ పెరట్లో పాతర తవ్వించడం, మధ్యాహ్నంలోగా మూడు మూటల రాగులు అందులో దింపి మన్ను కప్పించడం, సాయంత్రం బడిపిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకోవడం. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. కరువు గడప తొక్కేలోగా ఇంట్లో ఏడాది గ్రాసం ఉండాలన్నది ఆయన భార్య లలితాంబ మాట. మండికల్లు చేనినుంచి వచ్చిన ఆ రాగుల్ని చెరిగి, మూటలకెత్తి, మూతులు ఆమె చేతులతోనే కుట్టింది. కుట్టిన నెలకు పోయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో రాగులు అంగట్లో కొని తింటున్నారు గాని, మూటలు విప్పలేదు. ఎందుకని అక్క కామాక్షమ్మ అడగలేదు, ఆయన చెప్పలేదు.

కామాక్షమ్మకు ఒక నియమం ఉంది. ఇంట్లో ఉన్న గింజల మాట బయట అనకూడదు, అన్నామంటే గింజ నిలవదు. పైగా ఏ ఇంట్లో ఎన్ని మూటలున్నాయో సర్కారు లెక్క తీసి, మిగులు పట్టుకుపోతుందని సంతలో చెప్పుకుంటున్నారు. అందుకని గంగప్ప గడ్డపార దించిన చప్పుడుకు పక్కింటి తిమ్మక్క గోడమీద తల పెట్టి ఏమిటిదని అడిగితే, ఆమె పాతర అన్న మాట నోట రానివ్వక, ఉత్త గొయ్యిలాగే చెప్పింది.

"గుండి తవ్విస్తాండాడమ్మా మా తమ్ముడు," అంది.

"గుండి ఏంటికమ్మా?"

"ముందు జాగ్రత్తకి. ఏ పొద్దు ఏమొచ్చి పడతాదో ఎవరికి తెలుసు?"

గోడలకు చెవులుంటాయంటారు. తిమ్మక్క వైపు గోడకు నోరు కూడా ఉంది. ఆ వీధిలో రోజూ పత్రిక చదివేది మేష్ట్రు ఒక్కరే. ఆయన పెరట్లో గుండి, ఏ పొద్దో ఏదో వచ్చి పడటం, ఈ రెండూ కలుపుకోవడానికి ఆమెకు వక్క కొరికినంత సేపు పట్టలేదు. చింతామణి మీద బాంబు పడబోతోంది.

గంగప్ప నడుములోతు తవ్వి, మూటలు మూడూ మోసుకొచ్చి గట్టున పెట్టేసరికి నాలుగిళ్లవాళ్లు వచ్చి అతన్ని పిలుచుకుపోయారు. సగంలో వదిలిపోతే ఎట్లాగని మేష్ట్రు వెంటపడ్డాడు.

"మీకేమప్పా మేష్ట్రూ," అన్నాడు గంగప్ప, "మీరు కూర్చుంటే తల మునుగుతాది. వాళ్లది ఇంకా మొదలే కాలేదు."

సోమవారం బడిలో సగం బెంచీలు ఖాళీ. పిల్లలు ఇళ్ల దగ్గర మన్ను మోస్తున్నారు. వాళ్లకు బదులు తండ్రులు వచ్చారు. బాంబూ లేదు, గింబూ లేదని మేష్ట్రు ఒక్కొక్కరికీ చెప్పాడు. మరి గుండి దేనికని అడిగారు. ఆయన నోరు తెరిచి, అక్క మాట జ్ఞాపకం వచ్చి మూశాడు. ఆ మూయడంతో వాళ్లకు అంతా బోధపడింది. ఆయనకు తెలుసు, సర్కారు నోరు కట్టేసింది.

"దినం చెప్పద్దులే మేష్ట్రూ," అన్నాడు ఒక పెద్దమనిషి గొంతు తగ్గించి. "పొద్దున్నా, సాయంత్రమా, అదొక్కటే చెప్పు."

ఇంటికి వచ్చి, ఇక నిజం చెప్పేస్తానని అక్కతో అన్నాడు.

"చెప్పు," అంది కామాక్షమ్మ. "ఆ మూటలు సర్కారోళ్లు ఎత్తుకపోతాంటే నువ్వు చూస్తా నిలబడతావా?"

ఆయన మూటల మూతులకేసి చూసి, పరీక్ష కాగితాలు ముందేసుకున్నాడు.

మంగళవారం తాలూకా పెద్ద అమల్దారు కింద పనిచేసే శేకుదారు లక్ష్మణప్ప, పుకారు పుట్టించిందెవరో తేల్చడానికి వచ్చాడు. ఇక దాచి లాభం లేదని, ఉన్నది ఉన్నట్టు చెప్పేయాలనే మేష్ట్రు ఎదురు వెళ్లాడు. కాని గుండిని చూడగానే శేకుదారు ముఖం వికసించింది. ప్రతి ఊళ్లోనూ మాదిరికి ఒక బాంబుల గుండి ఉండాలని పైనుంచి హుకుం వచ్చి వారమైంది. అదెలా ఉంటుందో తెలియక ఆయనకు నిద్ర లేదు.

"ఈ మూటలేంటివి?" అని అడిగాడు.

మేష్ట్రు పెదవి కదిపేలోగా కామాక్షమ్మ తలుపు చాటునుంచి, "ఇసక మూటలప్పా," అంది.

హుకుంలో ఇసుక మూటలు కూడా ఉన్నాయి. శేకుదారు జవాన్ల చేత వాటిని గట్టుమీద పేర్పించి, 'మాదిరి గుండి ఒకటి, ఇసుక మూటలు మూడు' అని కాగితం మీద రాసి పైకి పంపాడు. శనివారం అమల్దారు చూడటానికి వస్తారని, అంతవరకూ దేన్నీ కదిలించవద్దని చెప్పి, ఒక జవానును కాపలా పెట్టి వెళ్లాడు.

బుధవారం మామిడి వాన పట్టుకుంది. మేష్ట్రు చాప తెచ్చి మూటల మీద కప్పబోతే, గుండి చూడటానికి వచ్చిన తిమ్మక్క అడ్డు తగిలింది. "ఇసక తడిస్తే ఏమవుతాది మేష్ట్రూ?" అంది. ముప్ఫై ఏళ్లు పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పిన మనిషి చాప చుట్టుకుని లోపలికి నడిచాడు. జవాను చూడకుండా తన గొడుగు విప్పి మూటల మీద పెట్టి వచ్చాడు. పాపం మరిచిపోయారని ఎవరో దాన్ని ముడిచి తెచ్చి ఇచ్చారు.

శనివారం పొద్దున ముందుగా వచ్చిన శేకుదారు మూటల మీదికి వంగాడు. గోనెల కన్నాల్లోనుంచి తెల్లటి మొలకలు, కొసన పచ్చగా, తొంగిచూస్తున్నాయి.

"అవి రాగులు," అన్నాడు మేష్ట్రు. ఆరు రోజుల తరువాత ఆ మాట అనగానే ప్రాణం తెరిపిన పడింది. "నావే. రాసుకోండి."

శేకుదారు అటూ ఇటూ చూశాడు. "గట్టిగా అనద్దప్పా. ఇసక అని పైకి రాసి పంపించినాను."

"నేను నిజం చెప్తాండాను."

"మీరు నిజం చెప్తే నా పని పోతాది. ఎవరడిగినా ఇసకే. అమల్దారు వచ్చేలోపల వీటిని ఇంట్లోకి తీసేయండి, నిజం ఇసక మూటలు నేను పెట్టిస్తాను."

ఊరు అనుకున్నట్టే, సర్కారు మేష్ట్రు నోరు కట్టేసింది.

మొలకెత్తిన గింజ పాతరకు పనికిరాదు. అమల్దారు గుండి చూసి వెళ్లాక అక్క కత్తెర తెచ్చి ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది. మేష్ట్రు మూటల ముందు కూర్చుని కుట్లు ఒక్కొక్కటే కోసి, దారం చుట్టి పంచాంగంలో పెట్టుకున్నాడు. రాగులు ఎండబోసి, వేయించి, తిరగలిలో విసిరేసరికి వీధి వీధంతా కమ్మని వాసన. చిన్నపిల్లలున్న ప్రతి ఇంటికీ కామాక్షమ్మ పిండి కొలిచి పంపింది. మొదటి శేరుకు ఒకటి అనకుండా అలవాటు ప్రకారం "లాభం" అంది. ఏడాదికని దాచిన గ్రాసం పదకొండు రోజుల్లో ఊరి పిల్లల కడుపుల్లోకి వెళ్లింది. గుండిలో తిమ్మక్క దూడ పడితే గంగప్ప వచ్చి తీశాడు.

శేకుదారు ఇంటికీ రెండు శేర్లు వెళ్లాయి. ఇసుక చాలా కమ్మగా ఉందని, ఇంకా ఉంటే పంపమని అక్కడినుంచి చీటీ వచ్చింది.