సెర్వాండో పాటల బృందం

ఆ ఉదయం చేయవలసిన పనులు ఇవి: తోలు చొక్కాలు మాని నల్లకోట్లు తొడుక్కోవడం. పూలచక్రం రిబ్బను మీద సంఘం పేరు పడకుండా చూడడం. జెండా ఇంట్లోనే వదిలేయడం. నికానోర్ చేత ఓ రొట్టెముక్కయినా తినిపించడం. శవపేటిక మోసేవాళ్లలో అతన్ని ఎలాగైనా చేర్చడం.

చివరిదే అసలు పని. స్పెయిన్‌లోని హిహోన్ పట్నంలో ఎలుగుల సంఘం అంటే మగవాళ్లను ప్రేమించే, గడ్డమూ పొట్టా దాచుకోని మగవాళ్ల సంఘం. అందులో ఎవరైనా పోతే పెట్టెకు ముందువైపు భుజం పట్టేది అతని తోడువాడే. ఇప్పుడు పోయిన సెర్వాండోకు తోడు నికానోర్, ఇరవై ఏళ్లకు పైబడి. కానీ కొండమీది సొంతూళ్లో ఉన్న అక్క ఎటెల్వినాకు సెర్వాండో ఆ ముక్క ఎన్నడూ చెప్పలేదు. సంఘానికి వెళ్లినప్పుడల్లా "పాటల బృందంతో ఉన్నానక్కా" అనేవాడు. అతనికి స్నానాల గదిలో కూడా శ్రుతి కుదిరేది కాదు.

"ఆ అబద్ధమే మనకిప్పుడు నిచ్చెన," అన్నాడు సంఘం అధ్యక్షుడు లౌరేయానో. "బృందం వాళ్లమని చెబుదాం. నికానోర్ స్నేహితుడిలాగా పెట్టె పట్టుకుంటాడు. ఎవడడుగుతాడు?"

"అబద్ధం నీది, చెమటలు నాకు," అన్నాడు నికానోర్.

చర్చి గుమ్మంలోనే ఎటెల్వినా లౌరేయానో చేతులు పట్టుకుంది. "వచ్చారా నాయనా! పూజలో మీరే పాడతారని ఫాదర్‌కి చెప్పేశాను."

లౌరేయానో దగ్గాడు. "గొంతులు బాగాలేవమ్మా. జలుబు."

"అందరికీనా?"

"ఒకే వ్యానులో వచ్చామమ్మా."

అంతలో ఓ బస్సు వచ్చి ఆగింది. ఒక సంఘంలో చావు జరిగితే చుట్టుపక్కల ప్రాంతాల సంఘాలు బ్యాడ్జీలతో, జెండాలతో రావడం వాళ్లలో ఆనవాయితీ. ఈసారికి అలా రావద్దని చెప్పడం మాత్రం ఎవరికీ తట్టలేదు. గలీషియా వాళ్లూ బిల్బావు వాళ్లూ పంజా గుర్తు జెండాలు ఎత్తిపట్టి, తోలు చొక్కాలు కిర్రుకిర్రుమంటుండగా దిగారు.

"వీళ్లెవరయ్యా?"

"వాళ్లు... గలీషియా పాటల బృందం. వెనక బిల్బావు బృందం."

"మరి ఆ పంజా?"

"పోటీల్లో గెలిచిన గుర్తమ్మా."

ఎటెల్వినా కళ్లు తుడుచుకుంది. "అయితే వీళ్లకి జలుబు లేదుగా."

అన్ని సంఘాలకూ తెలిసిన పాట ఒక్కటే. ఏటేటా విందులో ఆపిల్ సారా ఎత్తునుంచి గ్లాసుల్లోకి పోస్తూ అరిచేది. "సాగదీయండ్రా, ఏడుపులా ఉంటుంది," అని లౌరేయానో గొణిగాడు. సాగదీశారు. "పైనించి పొయ్యరా తమ్ముడా, చుక్కైనా ఒలకనీకు" అని గడ్డాలన్నీ ఒక్కటై మోగేసరికి కిటికీ అద్దాలు వణికాయి. ఊరంతా ఏడ్చింది. దేవుడి కృప మీద ఇంత మంచి పాట తానెరగనన్నారు ఫాదర్.

నికానోర్ ఒక్కడే పాడలేదు. ప్రతి ఏడూ ఆ పాటను చెడగొట్టేవాడు పెట్టెలో ఉన్నాడు.

ఎటెల్వినా అది గమనించింది. పెట్టె లేచే వేళకు తానే వరసలు సర్దింది. "నా తమ్ముణ్ణి పాటగాళ్లే మొయ్యాలి. ఎక్కుడు దారి, భుజాలు మార్చుకోండి, కోట్లు తీసెయ్యండి. నాయనా, నీది బంగారు గొంతు, ముందువైపు నువ్వు పట్టు," అంది లౌరేయానోతో.

"అమ్మా, అక్కడ ఈ నికానోర్ పట్టుకుంటే..."

"ఈయన పాడలేదుగా! డ్రైవరనుకుంటా, పాపం. ఏమయ్యా, వీళ్ల కోట్లు కాస్త పట్టుకో."

లౌరేయానో నికానోర్ వైపు చూశాడు. ఒక్క మాట చాలు. కానీ గుమ్మం దగ్గర ఊరంతా నిలబడి ఉంది. లౌరేయానో కోటు విప్పి ఇచ్చాడు. నికానోర్ చేతులు చాచాడు. నల్లకోట్లు, వాటి మీద తోలు చొక్కాలు, ఒక్కొక్కటే వచ్చి పడ్డాయి. ఆఖరికి అతని గడ్డం కూడా కనిపించలేదు. సమాధి గోతిలో మన్ను వేయడం అతను చూడలేకపోయాడు. చప్పుడు మాత్రం విన్నాడు.

తిరిగి వస్తూ ఎటెల్వినా అతని పక్కన నడిచింది. "నువ్వు వీళ్లని అన్నిచోట్లకీ తిప్పేవాడివేగా. మావాడు బాగా పాడేవాడా?"

"చాలా బాగా పాడేవాడమ్మా," అన్నాడు నికానోర్, కోట్ల గుట్ట వెనకనుంచి.

ఇప్పుడు సమాధి రాయి మీద "గాయకుడు" అని చెక్కి ఉంది. ఫాదర్ ఏటా మూడు బృందాలనూ పిలుస్తున్నారు. వాళ్లూ వెళ్లి పాడుతున్నారు. రాయి మీది గాయకుణ్ణి తలచుకోవడానికి ఊరుంది; మీరు దయచేసి కోట్లు పట్టుకున్నవాణ్ణి గుర్తుపెట్టుకోండి.