ముందు ఎవరిని లేపాలి

సోమవారం పొద్దున బోయిగూడలోని తన ఇంట్లో రెండో చాయ్ తాగుతూ చాంద్‌పాషా వారం మొత్తానికి ప్లాను వేసేశాడు. ఇవాళ ఆఫీసు సర్వర్‌కు మీటర్ పెట్టడం, ఏడు రోజులు ఆగడం, వచ్చే సోమవారం లెక్క తీసి ఓనరు రామభద్రరావు సార్ చేతిలో పెట్టడం. అంతే. పదకొండేళ్లుగా ఏడాదికోసారి సంతకం చేస్తున్న కాంట్రాక్టు కాగితం పీడ వదిలిపోతుంది. "ఈ పని సక్కగ చెయ్ పాషా, నిన్ను పర్మినెంట్ చేస్త" అని సార్ స్వయంగా నోటితో అన్నాడు.

"గా మాట పోయినేడు సుత అన్నడు," అంది షహర్ బానో, మొగుడి టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

"పోయినేడు వేరే. ఇప్పుడు జరూరత్ ఆయనది."

అదీ నిజమే. పోయినేడు వానాకాలంలో రాంగోపాల్‌పేట్ ఆఫీసు కింది గదిలోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. ఆస్పత్రులకు దూది, సిరంజీలు సప్లై చేసే రామభద్రరావు వ్యాపారం మొత్తం ఆ గదిలోని ఒక్క సర్వర్‌లోనే ఉంది. చాంద్‌పాషా దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లెక్కాడు. నడుము పట్టేసి నెల రోజులు వంగలేకపోయాడు. రామభద్రరావు బాగా ఆలోచించి, మనుషుల నడుములను నమ్ముకోవడం కంటే క్లౌడును నమ్ముకోవడం మేలని తేల్చాడు. ఇక్కడ సర్వర్ మునిగిపోయినా దాని నకలు ఎక్కడో దూరాన క్లౌడులో లేచి పని అందుకోవాలి. అందుకు అక్కడ ఎంత జాగా కావాలో, ఇక్కణ్నుంచి ఎంత ఇంటర్నెట్ లైను కావాలో చాంద్‌పాషా లెక్క కట్టాలి.

సర్వర్ ఒక్కటే అయినా దాని లోపల నాలుగు వర్చువల్ మెషీన్లున్నాయి, ఒకే వంటింట్లో నాలుగు పొయ్యిల్లాగా. ఒక్కో దాంట్లో రోజుకు ఎంత డేటా మారుతుందో మీటర్ చూస్తుంది. మారినంత మేరకే క్లౌడుకు పంపాలి కాబట్టి, ఎక్కువ మారితే పెద్ద లైను, తక్కువ మారితే చిన్నది. మొదట్లో ఆ మెషీన్లకు నంబర్లుండేవి. అవి ఎవరికీ గుర్తుండక, ఎవరు వాడే మెషీన్‌కు వాళ్ల పేరే పెట్టేశాడు చాంద్‌పాషా. బిల్లింగ్‌ది కాంతమణి, గోడౌన్‌ది తిరుమల్, పాత రికార్డులది బ్రహ్మచారి. ఈ మూడింటినీ కనిపెట్టుకుని ఉండే కాపలా మెషీన్‌కు తన పేరు. "పాషా భాయ్, తిరుమల్ పడిపోయిండు, జెర లేపు" అని ఎవరైనా అరిస్తే పక్క కుర్చీలోని తిరుమల్ తల కూడా ఎత్తేవాడు కాదు.

మీటర్ పెట్టాక చాంద్‌పాషా ఒక పట్టిక ప్రింటు తీశాడు. ఒక వరుసలో పేర్లు. రెండో వరుస 'రోజుకు ఎంత మార్పు', అది మీటర్ నింపాలి గనక ఖాళీ. మూడో వరుస 'ఆపదలో ఎప్పుడు లేపాలి'. కాంతమణికి ఎదురుగా 'గంటలో' అని, తిరుమల్‌కు 'సాయంత్రం దాకా ఆగొచ్చు' అని, బ్రహ్మచారికి 'వారం లేకున్నా నడుస్తుంది' అని రాశాడు. తన మెషీన్ దగ్గర కూడా పక్షపాతం చూపలేదు. కాపలా చూసేదానికి నకలెందుకని 'అసలు లేకున్నా నడుస్తుంది' అని రాశాడు.

ప్రింటర్ ఉండేది కాంతమణి బల్ల పక్కన. చాంద్‌పాషా కింది గది నుంచి మేడెక్కి వచ్చేలోగా ఆమె పట్టిక మొత్తం చదివేసింది.

"పాషా భాయ్, ఈ మీటర్ ఏం జూస్తది?"

"ఎవరి దాంట్ల ఎంత పని నడుస్తున్నదో మొత్తం జూస్తది. ఏదీ దాగదు," అన్నాడు చాంద్‌పాషా గర్వంగా.

"సార్‌కిస్తవా?"

"మరి ఇంకెవరికిస్త?"

మధ్యాహ్నం అన్నాల దగ్గర కాంతమణి మెల్లగా అంది. "క్లౌడ్ వస్తే మనుషులను తక్వ జేస్తరంట. మెషీన్ లేకున్నా నడుస్తదంటే, మెషీన్ ముంగట కూసున్నోళ్లు ఎందుకు?" తిరుమల్ ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది. బ్రహ్మచారి తినకుండానే డబ్బా మూత పెట్టేశాడు.

మంగళవారం నుంచి ఆఫీసులో అంతా తలలు వంచి పని చేయడం మొదలుపెట్టారు. కాంతమణి ఐదేళ్ల బిల్లులను ఒక్కొక్కటే తెరిచి, ఒక చుక్క పెట్టి సేవ్ చేసి, ఆ చుక్క తీసి మళ్లీ సేవ్ చేసింది. తిరుమల్ తన పెళ్లి వీడియో మొత్తం మెషీన్‌లోకి ఎక్కించి, మధ్యాహ్నం తీసేసి, సాయంత్రం మళ్లీ ఎక్కించాడు. బ్రహ్మచారి పాత బిల్లు పుస్తకాలు స్కాన్ చేశాడు. అవి అయిపోయాక ఖాళీ పేజీలు, అవీ అయిపోయాక గోడ క్యాలెండరు.

కింది గదిలో మీటర్ తెర మీద గీత పైపైకి పోతుంటే చాంద్‌పాషా మురిసిపోయాడు. సార్ వ్యాపారం ఇంత ఎదిగిందా అనుకుని బుధవారం తన లెక్కలో లైను రెండింతలు చేశాడు, గురువారం నాలుగింతలు. మనుషులు చెప్పేదైతే ఒకటికి రెండుసార్లు అనుమానించే మనిషే. అంకెలను అనుమానించడం మాత్రం అతనికి అలవాటు లేదు.

శుక్రవారం జాగా నిండి సర్వర్ ఆగిపోయింది. ఆస్పత్రుల నుంచి ఫోన్లు, పైనుంచి సార్ కేకలు. ఏదైనా తీసేసి జాగా చేద్దామని బ్రహ్మచారి మెషీన్ తెరిస్తే అందులో ఫిబ్రవరి నెల నాలుగు వందల సార్లు కనబడింది. తిరుమల్ దాంట్లో బ్యాండు మేళం మోగింది. చాంద్‌పాషా తల పట్టుకుని మేడెక్కాడు.

"ఏందీ సాబ్ ఇది? ఫిబ్రవరితోని ఏం పని?"

బ్రహ్మచారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఒక్క ఏడాది ఆగితే నేనే రిటైరై పోతుంటి గద పాషా. గంతట్లనే నేను లేకున్నా నడుస్తదని రాస్తివి."

చాంద్‌పాషాకు సిగ్గేసింది. "అల్లా కసమ్, అది మెషీన్ల లెక్క. మనుషులది గాదు."

"గా ఫరక్ సార్‌కు తెలుస్తదా?" అంది కాంతమణి.

"ఎందుకు తెల్వదు?" అన్నాడు చాంద్‌పాషా. పదకొండేళ్ల నమ్మకం అది. ఫిబ్రవరులను, పెళ్లి వీడియోను తీసేసి సాయంత్రానికి సర్వర్‌ను మళ్లీ లేపాడు.

సోమవారం అతను సార్ గదిలోకి వెళ్లేసరికి మీటర్ తనంతట తానే నింపి, గీతలతో సహా పంపిన పట్టికను రామభద్రరావు ముందే వేసుకుని కూర్చున్నాడు.

"సార్, గీ అంకెలు సక్కగ లేవు. ఇంకో వారం కావాలె."

"ఏం తప్పున్నది? ఇన్నేండ్లల్ల నా ఆఫీసుల పని నడుస్తున్నట్టు కనవడ్డది ఇదే ఫస్ట్ టైమ్."

అద్దం అవతల బ్రహ్మచారి క్యాలెండరు చేత్తో పట్టుకుని ఇటే చూస్తున్నాడు. అసలు సంగతి చెబితే ఆ ముసలాయన ఉద్యోగం ఈ పూటే పోతుంది. చాంద్‌పాషా నోటి దాకా వచ్చిన మాటను మింగేశాడు.

"గింత పెద్ద క్లౌడు నాతోని గాదు. ఈ ఏడు వద్దు," అన్నాడు రామభద్రరావు. "కని, నీ పట్టిక మస్తు పనికొచ్చింది. అందరి గీతలు పైకి పోతుంటే ఒక్కటి నేల మీద పండుకున్నది. ఎవరిది?"

"నాది సార్. అది కాపలా మెషీన్. దాంట్ల ఏం మారదు, మిగతా మూడు..."

"అసలు లేకున్నా నడుస్తదని పక్కన ఎవరు రాసిన్రు?"

"నేనే సార్."

"నీ అసొంటి ఈమాన్‌దార్ మనిషి దొరకడు పాషా," అన్నాడు సార్ మనస్ఫూర్తిగా, ఆ ఏటి కాంట్రాక్టు కాగితాన్ని సంతకం చేయించకుండానే సొరుగులోకి తోసేస్తూ.

చాంద్‌పాషాకు ఒళ్లు మండిపోయింది. వీళ్ల ముగ్గురినీ కాపాడాననే తృప్తి కూడా మిగల్లేదు. ఎందుకంటే అతను మెట్లు దిగేటప్పుడు ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు. ముగ్గురూ మీటర్‌కు భయపడి దించిన తల ఎత్తకుండా పని చేస్తున్నారు.

మూడు వారాలకు ఒక పొద్దున వాన దంచి కొడుతుంటే ఫోను మోగింది. కాంతమణి.

"పాషా భాయ్, కింది గదిలకు నీళ్లొచ్చినయ్! చాంద్‌పాషా లేస్తలేడు, ఏదీ లేస్తలేదు. సార్ పరేషాన్ అయితున్నడు. సర్వర్ ఎవరెత్తాలె? ముందు ఎవరిని లేపాలె?"

వెళ్లాలని అతని కాళ్లు లేచాయి కూడా. షహర్ బానో అతని నడుము వైపు చూసింది.

"గా పట్టిక ప్రింటర్ కాడనే ఉంటది, సూడుండ్రి," అని చాంద్‌పాషా ఫోను పెట్టేసి, మళ్లీ కూర్చుని, రెండో చాయ్ అడిగాడు.

ఆ ఏటి వానలకు అతని నడుముకు మాత్రం ఏ ఆపదా రాలేదు.