అల్లుడికి వంద మార్కుల పట్టిక

మూడు రోజులుగా మా ఇంట్లో ఒక తాతగారి చెవుల మీద గొడవ నడుస్తోంది. ఆయన మా తాతగారు కారు. మా అమ్మాయి పెళ్లాడతానంటున్న అబ్బాయి తాతగారు. అరవై దాటాక ఆయనకు వినపడటం తగ్గిందట. అందుకని మావారు మనవడికి ఆరు మార్కులు కోసేశారు.

నా మాట వినండి. ప్రతి ఇంటికీ ఒక చెరకు శాస్త్రవేత్త ఉండి తీరాలి!

కొత్త చెరకు రకం కావాలంటే ఏ మొక్కను తల్లిగా, ఏ మొక్కను తండ్రిగా తీసుకోవాలో తేల్చడం పాతికేళ్లుగా మావారి ఉద్యోగం. గడ మందం, తీపి, తెగులును తట్టుకోవడం, గాలికి పడిపోకపోవడం, అన్నిటికీ మార్కులుంటాయి. అలాంటి మనిషి అల్లుణ్ణి ఊరికే ఒప్పుకుంటారా? పట్టిక గీశారు. లిఫ్టులు బాగుచేసే ఆ అబ్బాయి ఎత్తు, పళ్ల వరస, మేనమామ బట్టతల, మేనత్త కోపం. పొలంలో తీపికి మార్కులు కలిపే మనిషే, వాళ్ల నాన్నగారి షుగరుకి మాత్రం తీసేశారు.

ఎంత సుఖమో ఆలోచించండి! అబ్బాయి మంచివాడా కాదా అన్న బెంగ లేదు. అతనితో మాట్లాడే పనే లేదు. వందకి నలభై ఒకటి. అయిపోయింది.

మా అత్తగారికే ఈ సైన్సు ఒంటబట్టలేదు.

"లిఫ్టు ఆగిపోయిన రోజు నన్ను నాలుగంతస్తులు మోసుకొచ్చింది ఆ పిల్లాడే కదరా. దానికెన్ని వేశావు?" అన్నారు.

ఆ గడి లేదన్నారు మావారు.

ఆయన దగ్గర ఇంకో సూత్రం ఉంది. జూనియర్లకు ఫోనులో చెబుతుంటే వినీ వినీ నాకూ కంఠతా వచ్చేసింది. పెద్ద మొక్కల వాలకం చూసి మోసపోవద్దు, వాటికి పుట్టిన పిల్ల మొక్కలు ఎలా ఎదిగాయో చూస్తే పెద్దల సంగతి అదే తెలుస్తుంది అని. ఎంత చక్కటి మాట! పాపం, చెప్పులతో పాటు గుమ్మం బయటే ఉండిపోతుంది.

ఆ లెక్కన ఆ అబ్బాయే వాళ్లింటి పిల్ల మొక్క. ఒక్కసారి వచ్చి అతన్ని చూడమని అమ్మాయి మూడు నెలలు బతిమాలింది. ఆయన పట్టికే చూశారు.

అదే పట్టికలో నేను మావారి వివరాలు నింపి చూశాను. ముప్పై ఎనిమిది! అదీ కోపం దగ్గర కాస్త దయతలిస్తే.

ఈ ఉదయం టిఫిన్ల దగ్గర అందరూ ఉండగా మావారికి చెప్పాను.

"గురువారం పదిన్నరకి రిజిస్ట్రారు ఆఫీసులో అమ్మాయి పెళ్లి. మీ చెరకు రిజిస్టర్లో తల్లి మొక్క పేరే ముందు రాస్తారుగా, అందుకని మొదటి సాక్షిగా నా పేరు రాయించాను. రెండో గడి మీ కోసం ఖాళీగా ఉంచాం."