నేను పోయాక నా మీద కురిసిన ప్రేమ

ఒంటరితనానికి వాట్సాప్ గ్రూపును మించిన మందు లేదు! కాదనేవాళ్లు ఏ గ్రూపులోనూ లేని అభాగ్యులై ఉండాలి.

మా ఆవిడ పోయిన కొత్తలో పలకరించే మనిషి కోసం ఎంత అల్లాడిపోయానో! ఇప్పుడా దిగులే లేదు. తెల్లారేసరికి మా 'నర్సీపట్నం ఆత్మబంధువులు' గ్రూపు నిండా గులాబీలు, పొగలు కక్కే టీ కప్పులు. ఆ టీకి పాలక్కర్లేదు, పంచదారక్కర్లేదు, ఎదురుగా కూర్చునే మనిషి అసలే అక్కర్లేదు. ఇంతకన్నా సుఖం ఏం కావాలండీ?

మొన్న జ్వరమొచ్చిందని గ్రూపులో పెట్టాను. నానాజీ చప్పట్లు కొట్టాడు. రోలుగుంట నుంచి గంగాభవాని గారు పెళ్లిరోజు శుభాకాంక్షలు చెప్పారు. ఆప్యాయత ఉండాలి గానీ, సందర్భం ఎవరిక్కావాలి!

అసలు వైభవం నిన్న చూశాను. సాయంత్రం ఏమీ తోచక, మనసు బాగోక, నా రిటైర్మెంటు సన్మానం ఫొటో పెట్టాను. మెడలో బంతిపూల దండ. కింద ఏమీ రాయలేదు. మనవాళ్లకి ఫొటో, దండ కనబడితే ఇంకేం కావాలి? బంగారురాజు 'ఓం శాంతి' అని మొదలెట్టాడు. ఇక చూడండి, ఒకటే వాన!

నా మెసేజీకి ఏనాడూ బొటనవేలైనా చూపించనివాళ్లు 'బంగారంలాంటి మనిషి' అన్నారు. చదువుతుంటే ఏడుపొచ్చేసింది. నేను పోయినందుకు అందరికన్నా ఎక్కువ ఏడ్చింది నేనే.

మా మేడ మీద అద్దెకుండే చిట్టిబాబు 'తీరని లోటు' అని పెట్టాడు. పెట్టిన వెంటనే మెట్ల మీంచి కేకేశాడు.

"గణేశ్వర్రావుగారూ, ట్యాంకు పొర్లిపోతంది, బేగి మోటారు ఆపండి!"

వెళ్లి ఆపాను. "నేను పోయాననీసి రాసీసావేటి బాబూ?" అని అడిగాను.

"అందరూ పెడతన్నారు కదండీ! నేనొక్కణ్నే పెట్టకపోతే బాగోదని..." అంటూ లోపలికి వెళ్లిపోయాడు.

బతికే ఉన్నానని గ్రూపులో చెప్పేద్దామని టైపు చేశాను. మళ్లీ చెరిపేశాను. చెబితే ఈ ప్రేమంతా ఆగిపోదూ?

ఒక్కటే నాకు అర్థం కాలేదు. 'ఉన్నప్పుడే ఒకసారి వెళ్లి చూసొచ్చుంటే బాగుండేది' అని చాలామంది బాధపడ్డారు. అడ్రసు కూడా ఎవరో పెట్టారు, బలిఘట్టం రోడ్డని. ఉన్నప్పుడు రాలేదు, పోనీ. పోయినవాణ్ని ఆఖరిసారి చూడ్డానికైనా ఎవరో ఒకరు రావాలి కదండీ! పొద్దుట్నుంచీ తలుపు తీసిపెట్టుకుని కూర్చున్నాను.