బెన్నీ గుండు, శౌరయ్య దండ

ఆ రోజు బెన్నీ అనుకున్నది చిన్న పని. ఏడింటికి గుణదల మేరీమాత కొండ దగ్గర గుండు చేయించుకోవాలి. పదిన్నరకి కోర్టులో ఉండాలి. కూతురు అక్షయ ప్రతి ఆదివారం తన దగ్గర ఉండేలా ఆర్డరు తెచ్చుకోవాలి. అయిదు నెలలుగా ఆ ఏడేళ్ళ పిల్ల తల్లితో అమ్మమ్మగారింట్లోనే ఉంటోంది. ఎల్లుండి నుంచి వేసవి సెలవులు. ఇవాళ వాయిదా పడితే ఆ సెలవులూ పోయినట్టే.

గుండు బాగానే అయింది. మంగలి ఊపులో మీసం కూడా తీసేశాడు. సబ్బునీళ్ళు పడి కళ్ళు ఎర్రబడ్డాయి. తండ్రి శౌరయ్య ఇంకా గుండు వరసలోనే ఉన్నాడు. ఆయన్ని తర్వాత రమ్మని, తెల్లచొక్కా తొడుక్కుని బెన్నీ కోర్టుకి పరుగెత్తాడు.

వరండాలో లాయరు నాగేశ్వరరావు గారు అతన్ని చూసి ఆగిపోయారు. గుండు, మీసం లేదు, ఎర్రటి కళ్ళు. క్రైస్తవుడు, తిరుపతి మొక్కు కాదు. కాబట్టి తండ్రి పోయాడు. ఆయన లెక్క అక్కడితో తేలిపోయింది.

"అర్థమైందిలేవయ్యా. నువ్వు నోరు విప్పకు, నేను చూసుకుంటా" అని భుజం తట్టారు.

కిందటిసారి నోరు విప్పి జడ్జిగారి చేత చీవాట్లు తిన్నవాడు బెన్నీ. తల ఊపాడు. మొక్కు సంగతి ఈయనకెలా తెలిసిందా అని మాత్రం అనుకున్నాడు.

లాయరు గారు గుమాస్తా విఠల్‌ని పిలిచారు. "గవర్నర్‌పేట వెళ్ళి పెద్ద దండ ఒకటి పట్రా. గులాబీలొద్దు."

కేసు పిలిచారు. లాయరు గారు జడ్జమ్మ దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి ఏదో చెప్పారు. ఆవిడ కళ్ళజోడు తీసి బెన్నీ వైపు జాలిగా చూసింది. "పాపం. సెలవులయ్యాక పెట్టుకుందాంలెండి."

బెన్నీ నోరు తెరిచాడు. లాయరు గారు కళ్ళెర్రజేశారు. మూసుకున్నాడు.

లాయరు గారు తగ్గించిన గొంతు కూడా అవతలి బల్ల దాకా వినబడేదే. అక్కడున్న, బెన్నీకి పిల్లనిచ్చిన అత్త తెరేసమ్మ ఒక్కసారిగా శోకం అందుకుంది.

"ఓరి దేవుడో, శౌరయ్యన్నయ్యా! మొన్న ఆదివారం పూజలో నా వెనకే కూర్చుని పాడావు గదయ్యా! ఎవరికీ అందని రాగం గదయ్యా నీది!"

బెన్నీ భార్య స్టెల్లా అక్షయని బెంచీ మీద వదిలి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చి మొగుడి చొక్కా పట్టుకుంది. "మామయ్య పోతే నాకు ఫోన్ కూడా చెయ్యవా? నేనంత కానిదాన్నయ్యానా?"

బెన్నీ బిత్తరపోయి లాయరు వంక చూశాడు. నోరు విప్పొచ్చో లేదో తెలియలేదు.

అప్పుడే గుమ్మంలో శౌరయ్య కనిపించాడు. నున్నటి గుండు, చేతిలో జామకాయల సంచి.

"తాతా! నువ్వూ గుండేనా?" అంటూ అక్షయ పరుగెత్తి ఆయన కాళ్ళకి చుట్టుకుంది.

తెరేసమ్మ శోకం సగంలో ఆగింది.

"ఎవరండీ ఈయన?" అంది జడ్జమ్మ.

లాయరు గారు చెమట తుడుచుకున్నారు. "పోయినాయనే మేడమ్."

"ఏంటి మీరు చేసింది? ఇదిగో బెన్నీ, నువ్వు చెప్పు. ఎందుకా గుండు?"

బెన్నీ లాయరు వంక చూశాడు. ఆయన గోడ వంక చూశారు.

"పాపకి డెంగీ వచ్చినప్పుడు మా ఆవిడ మొక్కుకుందండి, నాకూ నాన్నకీ గుండు చేయిస్తానని. నాన్న నాకోసం ఆగాడండి. నేనేమో నా క్రాపు ఇవ్వనన్నానండి. గొడవ అక్కడే మొదలైంది. అయిదు నెలలు అద్దంలో క్రాపు చూసుకున్నాను. పిల్ల లేకపోతే అదేం చేసుకోనండీ? ఇవాళ ఇచ్చేశాం."

అక్షయ తండ్రిని వంగమని, గుండు మీద చెయ్యి రాసి చూసింది.

"గరుగ్గా ఉంది" అంది.

స్టెల్లాకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఆదివారాలు పంపుతానండి. సెలవుల్లో పది రోజులు కూడా. మిగతాది జుట్టు పెరిగాక ఆలోచిస్తా."

జడ్జమ్మ నవ్వు ఆపుకుంటూ అదే ఆర్డరు రాసింది.

బయటికి వచ్చేసరికి విఠల్ బంతిపూల దండతో రొప్పుతూ ఎదురొచ్చాడు. లాయరు గారు దాన్ని ఎక్కడ దాచాలో తెలియక నిలబడ్డారు.

"నాకోసం తెచ్చిందేగా" అని శౌరయ్య దాన్ని తీసి మెడలో వేసుకుని, స్టెల్లా సరేనని తలూపడంతో మనవరాలి చెయ్యి పట్టుకుని సిటీ బస్సు ఎక్కాడు.