వెంట్రుకలో వెయ్యో వంతు

ఇకమీదట కోసిగి రైతుకు కరువు కంటికి కనిపించదని మంత్రి నరసింహగారు ప్రకటించారు. ఎందుకంటే దాన్ని ఓడించబోయే మందు కూడా కంటికి కనిపించదు. దాని పేరు నానో రేణువు. ముందు పోషకాన్ని గింజలా చేసి, దానిమీద సిలికా పొర ఎక్కిస్తారట. అంతా కలిపి వెంట్రుక మందంలో వెయ్యో వంతు. పొర మెల్లగా కరిగి, పోషకం మెల్లగా వేరుకు అందుతుంది. మా పథకాలన్నీ ఇట్లాగే అందుతాయని కూడా మంత్రిగారు వివరించారు.

ప్రయోగానికి మా ఊరి మారెన్న వేరుశనగ చేను దొరికింది. బోరు ఎండిపోయి, అతను మిరపకోతలకు గుంటూరు లారీ ఎక్కబోతుంటే వ్యవసాయాధికారి అరుణ్ కుమార్ గారు ఆపారు.

"యాడికీ పోవద్దప్పా. నీ చేను నిలబడతాది."

"అది నిలబడితే నేనూ ఈడనే నిలబడతా సార్."

పొడిని తడి నేలలోనే చల్లాలి. సోమవారం మంత్రిగారు వస్తారని ట్యాంకరు తెప్పించి చేను తడిపారు. ఆయన రాలేదు. ప్యాకెట్టు సీలు ఆయన చేతులమీదుగానే తీయాలి గనుక గురువారం మళ్లీ తడిపారు. రాలేదు. ఇట్లా ఐదుసార్లు. అరుణ్ కుమార్ గారి క్రమశిక్షణ గొప్పది. ప్యాకెట్లు రోజూ దుమ్ము తుడిచి బీరువాలో పెట్టేవారు.

ఆరోసారి మంత్రిగారు నిజంగానే వచ్చారు. చేను నిగనిగలాడుతోంది.

"ఏమప్పా, ఇంత పచ్చగా ఉండాది! మందు అప్పుడే పనిచేసిందా?"

అరుణ్ కుమార్ గారు చేతిలోని ప్యాకెట్టు సీలు చూశారు. తర్వాత మంత్రిగారి ముఖం చూశారు.

"శానా స్పీడుగా సార్."

"మరి ఇంక ట్యాంకరెందుకు ఈడ? కోయిలకుంట్లకు పంపండి. ఈయనకు పొడి చాలు."

మారెన్న చేతులు జోడించాడు. "సామీ, ఇంకా నెల దినాలు తడుపు కావాల. ఆ పొడి మీరే తీస్కపోండి. ట్యాంకరు ఇడిసిపెట్టండి."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "ఇన్నారా! తనకొచ్చిన మందును వేరే ఊరి రైతుకు ఇయ్యమంటాండాడు!"

చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

"అది కాదు సామీ, నీళ్లు..." అని మారెన్న భార్య సోమక్క అనేలోపే అతనికి శాలువా కప్పారు. పొడీ పోయింది, ట్యాంకరూ పోయింది.

పన్నెండో రోజు మొగుడూపెళ్లాలు లారీ ఎక్కారు. తెల్లవారుజామున లారీ మీద చలిగాలి బాగా కొడుతుంది. త్యాగమూర్తికి ప్రభుత్వం కప్పిన శాలువా ఇద్దరికీ సరిపోయింది.